మడి తాడు, చిగురు డబ్బా

పోయిన వారం మా మనవరాలు పద్మప్రియ రెండు కాగితాలు తెచ్చి నా మంచం మీద పక్కపక్కన పరిచిన కాడ ఆపినాను. చదివినోళ్ళకు గుర్తుండే ఉంటాది. మర్చిపోయినోళ్ళకూ, ఈ వారమే పత్రిక చేతికొచ్చినోళ్ళకూ మళ్ళా చెప్తా. చెప్తే నాకేం అరిగిపోదు.

మాది పామిడి దగ్గర, పెన్న ఒడ్డున చీనీ, అంటే బత్తాయి, అంట్ల తోట. కాయలు అమ్మేది కాదు, మొక్కలు అమ్మేది. నిమ్మ మొక్కను సంచిలో పెంచి, దాని కాండం సన్నగా చీరి, మంచి కాపున్న చీనీ చెట్టు కన్ను, అంటే చిగురు మొగ్గ, ఒకటి కోసుకొచ్చి అందులో పెట్టి కట్టాల. కన్ను పట్టి మొలిస్తే పైన చీనీ, కింద నిమ్మ వేరు. ఈ పని మా ఆయన ఎర్రన్న, యేసన్న ఇద్దరూ కలిసి మొదలుపెట్టినారు. నేల, నీళ్ళు, దుడ్లు మావి. చెయ్యి యేసన్నది. లాభంలో నాలుగో వంతు ఆయనకు. ఇద్దరూ పోయినారు. ఇప్పుడు మా వైపు నా కొడుకు విష్ణువర్ధన్, ఆ వైపు యేసన్న కొడుకు ఐజాక్. మూడేండ్ల కిందట ఇద్దరూ స్టాంపు కాగితం రాసుకున్నారు. ప్రతి మార్చి ముప్పై ఒకటికి లెక్క చూసుకోవాల, లాభమైనా నష్టమైనా నాలుగో వంతు ఐజాక్‌ది. ఆ కాగితం గడువు ఈ మార్చితో సరి. మళ్ళా రాసే మాట విష్ణు ఎత్తడం లేదు. రోజు కూలికి కన్నులు కట్టేవాళ్ళు దొరుకుతాండారని మాత్రం రెండు మూడు తూర్లు నా చెవిన వేసినాడు.

పద్మప్రియ విష్ణు కూతురే. అనంతపురంలో ఒక ఆడిటరు కాడ పని చేస్తాది. అది పరిచిన రెండు కాగితాలూ వాళ్ళ నాయన చేతిరాతే, ఒకటే సంవత్సరానివే. బ్యాంకు అప్పు కోసం రాసిన దాంట్లో మా తోటకు ఏడు లక్షల ఇరవై వేలు లాభం. ఐజాక్‌కు చూపించే దాంట్లో ఆరు లక్షల ఎనభై వేలు నష్టం. ఒకటే తోట. అవే మొక్కలు.

"అవ్వా, నాయనకు నేను చెప్తే వినడు. నువ్వు కూర్చోబెట్టు" అనింది పిల్ల.

సరేనని పొద్దున్నే కూర్చోబెట్టినా. ఆ దినం మార్చి ముప్పై. ఇంక ఒక్క రోజే ఉండాది.

ఇప్పుడు కూర్చునేది మొక్కలకు నీడకని కట్టిన పచ్చ వల కిందనే. అంతకుముందు ఎండిపోయిన పాత బావి గట్టున నా బండ ఉండేది, వేపచెట్టు నీడ దానిమీదికే పడేది. ఫిబ్రవరిలో నేను కంటి ఆపరేషనని అనంతపురంలో నా కూతురు పుష్పావతి ఇంట్లో పదహైదు రోజులుండి వచ్చేసరికి, విష్ణు ఆ బావి నోటికి కంప కొట్టించి మూసిపెట్టినాడు. ఏందిరా అంటే గొర్రెలు పడతాయన్నాడు. కూర్చుంటే చీరంతా ముండ్లు. అందుకే బండను వల కిందికి జరిపించుకున్నా.

ఐజాక్ వచ్చి సంచుల వరస పక్కన గొంతుకూర్చున్నాడు. చేతిలో కన్నులు కోసే కత్తి. పని లేకపోయినా దాన్ని తుడుస్తానే ఉంటాడు, వాళ్ళ నాయన మాదిరే. విష్ణు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోని కాగితం చదివినాడు.

"సంచులు, ఎర్రమన్ను, పెంట, నీళ్ళ ట్యాంకర్లు, కూలి, ఇతరములు, అన్నీ కలిపి ఖర్చు ఆరు లక్షల ఎనభై వేలు. రాబడి సున్నా. నష్టంలో నాలుగో వంతు లక్షా డెబ్బై వేలు నీ మీద పడతాంది ఐజాకూ. ఇప్పటికిప్పుడు అడగనులే. మూడు కంతుల్లో ఇయ్యి."

ఐజాక్ కత్తి తుడిచేది ఆపినాడు.

"రాబడి సున్నా అంటే ఎట్లన్నా? ఇరవై వేల మొక్కలకు కన్ను కట్టినా. నాలుగు వేలు శివరాత్రికి ముందే ఉరవకొండ వైపు పోయినాయి గదా. మొక్క డెబ్బై లెక్కన రెండు లక్షల ఎనభై వేలు వచ్చింది గదా. మిగిలిన పదహారు వేలకు మొక్కకు ఇరవై చొప్పున బయానా తీసుకుంటివి. మూడు లక్షల ఇరవై వేలు. ఇదంతా యాడికి పాయె?"

"బయానా రాబడి అవుతుందా? మొక్కలు ఇంకా మన సంచుల్లోనే ఉండాయి. రేపు వానలు రాక రైతు వద్దంటే తిరిగి ఇయ్యాల."

"అది సరే. పోయిన నాలుగు వేలు?"

"చిగురు రాలేదు గదప్పా! రైతు చేన్లో చిగురేసేదాకా ఆ దుడ్లు మనవి గాదని పెట్టింది ఎవరు? మీ నాయన గాదూ?"

ఐజాక్ మళ్ళా కత్తి తుడిచేదానికి దిగినాడు. వాళ్ళ నాయన పెట్టిన పద్ధతిని వాడెట్ల కాదంటాడు?

ఆ పద్ధతి పుట్టిన కథ నేను చెప్పకపోతే ఈ తగవు మీకు సగమే అర్థమవుతాది. వనజాక్షి, అంటే విష్ణు పెండ్లాం, కాపురానికి రాకముందు మాట. మేము అమ్మిన మొదటి వెయ్యి మొక్కలు చిలమత్తూరు వైపు ఒక రైతు కొన్నాడు. దుడ్లు చేతిలో పడినాయో లేదో, మా ఆయన పామిడి పోయి నాకు రాళ్ళ కమ్మలు తెచ్చినాడు. మూడు వారాలు పెట్టుకున్నా. నాలుగో వారం ఆ రైతు బస్సు దిగి మా వాకిట్లో నిలబడినాడు, చేతిలో ఎండిన మొక్క. మన్నులో చౌడు కలిసింది, తప్పు మాదే. వాకిలి దాటకుండానే మా ఆయన నా చెవుల దిక్కు చూసినాడు. నేనే తీసి ఇచ్చినా. ఆ దినమే యేసన్న అన్నాడు, "ఎర్రన్నా, ఇంకమీద మొక్క రైతు చేన్లో కొత్త చిగురేసేదాకా చచ్చిన మొక్కకు బదులు మొక్క మనమే ఇయ్యాల. అందాక ఆ దుడ్లు డబ్బాలో పెట్టు. లెక్కలో కలపొద్దు." బిస్కెట్ల డబ్బా ఒకటుండె, దానికి చిగురు డబ్బా అని పేరు పడిపాయె. మాకు మంచి పేరొచ్చింది ఆ పద్ధతితోనే. చచ్చిన మొక్కకు మొక్క ఇచ్చేది చుట్టుపక్కల మేమే.

ఈ కథ ఇప్పుడు విష్ణు నోట్లో ఐజాక్ మీద కట్టెగా మారింది.

పద్మప్రియ గమ్మున కూర్చోలేదు.

"నాయనా, నువ్వు చెప్పింది నిజమే. బయానా మన రాబడి కాదు, అది రైతు దుడ్లే, మన కాడ దాచినట్లు. చిగురు రాని మొక్కలదీ రాబడిలో కలపొద్దు, ఒప్పుకుంటా. అయితే పదహారు వేల మొక్కలకు పెట్టిన ఖర్చును ఈ యేడు ఖర్చులో ఎందుకు రాసినావు?"

"ఈ యేడే గదా పెట్టింది? జేబులోంచి పోయింది గదా పాపా!"

"పోయింది. యాడికి పోయింది?"

"యాడికేంది, మన్నుకు, సంచులకు, ట్యాంకరోనికి."

"కాదు. ఇదో ఈ సంచుల్లోకి పోయింది." పిల్ల లేచి పోయి ఒక సంచి ఎత్తి వాళ్ళ నాయన ఒళ్ళో పెట్టింది. "ఇది సరుకు. ఇరవై వేల మొక్కలకు అయిదు లక్షల అరవై వేలు అయింది, అంటే మొక్కకు ఇరవై ఎనిమిది. ఈ ఇరవై ఎనిమిది రూపాయలు ఇంకా ఖర్చు కాలేదు, నీ ఒళ్ళోనే పచ్చగా ఉండాది. ఇది అమ్ముడుపోయిన దినం దీని డెబ్బై రాబడిలోకి వస్తాది, ఆ దినమే ఈ ఇరవై ఎనిమిదీ ఖర్చులోకి పోతాది. రెండూ ఒకే లెక్కలో, ఒకే దినం. ముందొకటి, యేడాది తర్వాత ఒకటీ కాదు."

విష్ణు సంచి దించి కింద పెట్టినాడు. పంచెకు మన్ను అంటుకుంది.

"నీ ఆఫీసు చదువులు మా మడికి పనికి రావు పాపా."

అప్పుడు నాకు కోపమొచ్చింది. నాకు చదువు మూడో తరగతి కాడికి సరి. కానీ ఈ చదువు మా మడిలోనే పుట్టింది గదా! నేను లేచి షెడ్డు వెనక గుంజ కాడికి పోయినా. దానికి ఇంకా ఒక పురికొస తాడు వేలాడతానే ఉండాది, నల్లగా, బిగుసుకుపోయి. తెచ్చి విష్ణు కాళ్ళ ముందర వేసినా.

"ఇదేందో చెప్పు."

"తాడు."

"తాడని నాకూ ఎరికె. ఏం తాడు?"

వాడు కాలితో దాన్ని పక్కకు నెట్టినాడు. ఐజాక్ చెప్పినాడు. "మడి తాడన్నా. మా నాయన ప్రతి మడికీ ఒకటి కట్టేవాడు. ట్యాంకరు వస్తే ఒక ముడి, వారం కూలి ఇస్తే ఒక ముడి, పెంట బండికి ఒక ముడి."

"ఎప్పుడు విప్పేవాడు?" అన్నా.

"ఆ మడి మొక్కలు పోయి, చిగురేసి, డబ్బా మూత తీసిన దినం. ముడి ముడికీ డబ్బాలోంచి దుడ్లు తీసి పక్కన పెట్టేది. మిగిలింది లాభం. నాలుగు భాగాలు చేసేది."

"ఆ!" అన్నా. "అయ్యా విష్ణూ, నువ్వు చేసిందేందో నేను చెప్తా. చిగురు డబ్బా మూత బిగించి పెట్టినావు. తాళ్ళు మాత్రం అన్నీ ఈ దినమే విప్పుకుంటాండావు. రేపు కాగితం గడువు తీరిపోతాది. ఎల్లుండి నుంచి ఐజాక్ లేడు. జూన్‌లో వానొస్తే డబ్బా నువ్వొక్కడివే తెరుచుకుంటావు. ఖర్చులో నాలుగో వంతు వాడిది, రాబడంతా నీది. మీ నాయన ఉండింటే ఏమనేవాడో నాకెరికె, నీకూ ఎరికె."

పద్మప్రియ పెదాలు బిగపట్టి నవ్వు ఆపుకుంటాండె. "అవ్వా, మా సారు ఇదే మాట చెప్పేదానికి అర్ధగంట తీసుకున్నాడు."

"మీ సారుకు కమ్మలు పోయినట్లు లేదు" అన్నా.

ఐజాక్ మాత్రం నవ్వలేదు. రెండో కాగితం, బ్యాంకుది, పద్మప్రియ వాడి చేతికిచ్చింది. వాడు మెల్లగా చదివినాడు. చదివి మడత పెట్టినాడు.

"బ్యాంకోళ్ళకు రాసిన దాంట్లో ఇరవై వేల మొక్కలూ అమ్ముడుపాయె. బయానా లేదు, చిగురు లేదు, పద్నాలుగు లక్షల రాబడి. నా కాగితంలో ఒక్క మొక్కా పోలే. అన్నా, బ్యాంకు కాగితంలో పెండ్లి జరిపించి, నా కాగితంలో చావు రాసినావే!"

"కొత్త నీడ వలకు అప్పు పుట్టాలంటే అట్ల రాయక తప్పదప్పా. అందరూ రాస్తారు."

"అందరి సంగతి నాకొద్దు. ముప్పై ఏండ్లు నేను ఈ మోకాళ్ళ మీద ఉండి కట్టినా. ఇప్పుడు లక్షా డెబ్బై వేలు బాకీ పడి పోవాల్నా? నా కూతురు సువార్తకు కాన్పయి రెండు నెలలు కాలేదు. ఇంటికి పోయి దానికేం చెప్పాల? మీ తాత పెట్టిన పద్ధతిలో నేనే మునిగినానని చెప్పాల్నా?"

వల కింద నీళ్ళ పైపు ఒకటే సన్నగా చీదుతాండె.

పద్మప్రియే మళ్ళా మొదలుపెట్టింది. లెక్క తప్ప ఇంకేదీ ఈ తగవును చల్లార్చదని దానికి తెలుసు. "పదహారు వేల మొక్కల ఖర్చు నాలుగు లక్షల నలభై ఎనిమిది వేలు. అది సరుకు కింద పక్కన పెడదాం. రేప్పొద్దున వాటిలో ఐజాక్ మామ వాటా ఎట్లనేది కాగితం గడువు తీరినా మాట్లాడాల్సిందే, ఎందుకంటే వాటి కన్నులు కట్టింది ఆ చెయ్యే. ఇంక పోయిన నాలుగు వేలు. వాటికి చిగురొచ్చుంటే రాబడి రెండు లక్షల ఎనభై వేలు, ఖర్చు లక్షా పన్నెండు వేలు. లాభం లక్షా అరవై ఎనిమిది వేలు. మామది నలభై రెండు వేలు. చిగురు రాకపోతే రెండూ ఆగుతాయి. ఎట్లయినా బాకీ అనేది లేదు."

"ఇంకొకటి మిగిలింది నాయనా" అని కాగితం తిప్పింది. "ఈ ఇతరములు. లక్షా ఇరవై వేలు, ఫిబ్రవరి పన్నెండో తేదీ. మన్నుకు ఒక మడి చూపిస్తావు, ట్యాంకరుకు ఒక మడి చూపిస్తావు. ప్రతి ఖర్చుకూ ఒక మొక్క ఉండాదిక్కడ. దీనికి మొక్క దొరకలేదు నాకు. ఏం కొన్నావు?"

"చిల్లర ఖర్చులు."

"లక్షా ఇరవై వేలు చిల్లరా?"

"పాపా, నేను మీ నాయనను. నన్ను కోర్టులో నిలబెట్టినట్లు అడగొద్దు." విష్ణు లేచినాడు. "సరేలే. చిగురొస్తే నలభై రెండు వేలు ఇస్తా. రాలేదని నేను నిన్ననే ఫోన్ చేసి కనుక్కున్నా. అయిపాయె గదా?"

"అయిపోలేదు" అన్నా. "ఉరవకొండ ఎంత దూరం? గంటన్నర. కారు తియ్యి. నేను కండ్లతో చూస్తా. కొత్త కన్ను పెట్టించుకున్నా గదా, దేనికన్నా పనికి రావాల."

"అమ్మా, ఈ ఎండలో నువ్వు..."

"ఎండ నాకు కొత్తా?"

విష్ణు బతిమాలినాడు. కారులో డీజిల్ లేదన్నాడు. రామప్ప, అంటే మొక్కలు కొన్న రైతు, ఊర్లో ఉండడన్నాడు. పద్మప్రియ అక్కడే నిలబడి రామప్పకు ఫోన్ చేసింది. రామప్ప ఊర్లోనే ఉండాడు. "రండి రండి, మజ్జిగ చేయిస్తా" అన్నాడంట. వనజాక్షి లోపల నుంచి నాకు టోపీ మాదిరి తువ్వాల తెచ్చి తల మీద వేసి, చెవిలో, "అత్తా, ఆయన నెల నుంచి సరిగ్గా నిద్రపోవడం లేదు. కారణం అడిగితే కసురుకుంటాడు. మీరైనా అడగండి" అనింది.

దారంతా విష్ణు కారు మెల్లగానే నడిపినాడు. ముందు సీట్లో ఐజాక్ కత్తిని గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. చేలన్నీ ఎర్రగా, ఖాళీగా పడుండాయి. రామప్ప నిన్నటిదాకా శెనక్కాయ వేసినవాడే. మూడేండ్లు వరసగా పెట్టుబడి తిరిగి రాక, బోరులో రెండంగుళాల నీళ్ళు పడినాయని ధైర్యం చేసి అయిదెకరాల్లో చీనీ పెట్టినాడు, ఆరు వందల మొక్కలు. మా నాలుగు వేలలో ఆ ఆరు వందలు వాడివి. మిగిలినవి ఆ చుట్టుపక్కల ఊర్లలో ఇంకో ఆరుగురివి.

రామప్ప గట్టు మీదికి ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకొని దించినాడు.

"చిగురు రాలేదంట గదా నాయనా?" అన్నా.

"ఎవురు చెప్పిందవ్వా? ఎప్పుడో వచ్చింది! చూడు రా, పచ్చగా ఎట్ల లేసిందో! మా ఆడది దినామూ పొద్దున్నే వచ్చి చూసుకొని పోతాది."

నేను విష్ణు దిక్కు చూసినా. వాడు డ్రిప్ పైపు దిక్కు చూస్తాండాడు.

నిజమే, దూరం నుంచి చూస్తే వరసలన్నీ పచ్చగా ఉండాయి. ఐజాక్ మొగం ఒక్క క్షణం వెలిగింది. ఆ నలభై రెండు వేల కోసం కాదు. తన చేతి పని బతికిందని. పద్మప్రియ చప్పట్లు కొట్టినంత పని చేసింది. "నాయనా, చిగురొచ్చింది. డబ్బా మూత తీయాల, తాడు విప్పాల!"

ఐజాక్ మొదటి మొక్క కాడ వంగినాడు. వంగి, లేవలేదు.

నేను కూడా దగ్గరికి పోయి చూసినా. చిగురు ఉండాది. కానీ అంటుకు కింద నుంచి ఉండాది. పైన ఉండాల్సిన చీనీ పుల్ల ఎండిపోయి కట్టెగా నిలబడింది. కింద నుంచి నిమ్మ మొలకలు గుబురుగా, ముండ్లతో లేసినాయి. రెండో మొక్క అంతే. మూడోది బతికింది. నాలుగు, అయిదు, మళ్ళా అంతే. వరసంతా నడిచినా. పదింట్లో ఆరు ఇట్లనే ఉండాయి. అవి అట్లే పెరిగితే రామప్ప అయిదేండ్లు నీళ్ళు పోసి చివరకు ముండ్ల నిమ్మ చెట్లు చూసుకోవాల.

రామప్ప చీనీకి కొత్త. "ఏందవ్వా, అట్ల చూస్తాండావు? ఏమన్నా తెగులా?" అన్నాడు. నేను ముండ్ల మొలక ఒకటి తుంచి చేతిలో పట్టుకున్నా.

మాట్లాడింది విష్ణు. పొద్దున్నుంచి దాచుకున్న గొంతంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"చూసినారు గదా! అంటు పట్టలేదు. కన్ను కట్టింది ఎవరు? ఐజాక్! వంతు కావాలంటాడు, చేతిపని మాత్రం ఇట్ల. ఈ నాలుగు వేలకూ బదులు మొక్కలు ఎవరియ్యాల ఇప్పుడు? చెప్పమ్మా, నువ్వే చెప్పు."

ఐజాక్ తల ఎత్తలేదు. ఎండిన పుల్లను కాదు, దాని కిందున్న అంటు గాటును వేలితో తడుముతాండాడు. ఇంకో మొక్క కాడికి పోయి తడిమినాడు. బతికిన మొక్క కాడికీ పోయి తడిమినాడు. తర్వాత నన్ను పిలిచినాడు, నెమ్మదిగానే.

"అమ్మా, ఒక తూరి నీ చెయ్యి ఈడ పెట్టు. మా నాయన నీకు చూపించినట్లు."

నాకు అర్థమయింది. నేను ఆ మన్నులోనే కూర్చోని, బొటనవేలు మొక్క మొదట్లో ఆనించి, జాన చాపినా. యేసన్న ఎప్పుడూ కన్ను జానెడు ఎత్తులోనే కట్టేవాడు. వాన నీళ్ళు నిలిచినా, బురద చిందినా అంటుకు తగలకూడదని. ఐజాక్‌కు పదేండ్లప్పుడు ఆ ఎత్తు నా జానతోనే నేర్పించినాడు, పిల్లోని జాన చిన్నదవుతుందని. ముప్పై ఏండ్లుగా మా తోటలో ప్రతి అంటూ నా చిటికెనవేలి కాడ ఉంటాది.

ఈ మొక్కల అంటు నాలుగు వేళ్ళకే వచ్చేసింది. మన్నుకు ఆనుకొని ఉండాది.

పది మొక్కలకు పెట్టి చూసినా. పదీ అంతే.

"ఇవి నేను కట్టినవి కాదు" అన్నాడు ఐజాక్. "ఇవి మన తోటవే కాదు."

పద్మప్రియ ఫోను తీసి ఏదో నొక్కింది. మళ్ళా నొక్కింది. అది లెక్క సరి చూసుకునేటప్పుడు రెండు తూర్లు నొక్కుతాది, చిన్నప్పటి నుంచీ అంతే.

"నాయనా" అనింది. దాని గొంతులో కోర్టు లేదు ఇప్పుడు. "లక్షా ఇరవై వేలను నాలుగు వేలతో భాగిస్తే ముప్పై వస్తాంది. మొక్క ముప్పై రూపాయలు. ఇతరములు అంటే ఇవేనా?"

విష్ణు చెప్పుతో గడ్డను చిదుముతా నిలబడినాడు.

"అన్నా" అన్నాడు ఐజాక్. "సువార్త కాన్పుకని నేను చిలమత్తూరు పోయిన దినం వెనక మడుల్లో నాలుగు వేలు లెక్కబెట్టి పోయినా. ఇరవై దినాలకు వచ్చేసరికి మడులు ఖాళీ. అమ్ముడుపోయినాయంటివి. నమ్మినా. ఇవి అవి కాదు గదా. మరి నేను కట్టిన నాలుగు వేలు యాడ ఉండాయి?"

విష్ణు నా దిక్కు చూసినాడు. ఏడేండ్ల పిల్లోడప్పుడు పాల కుండ పగలగొట్టి ఇట్లనే చూసినాడు.

"అమ్మా, ట్యాంకరు పదకొండు దినాలు రాలేదమ్మా" అన్నాడు. అంతే అన్నాడు.

నేను మన్నులోంచి లేచినా. పద్మప్రియ రెక్క పట్టి లేపింది. నా చెయ్యి ఇంకా జానగానే చాచి ఉండాది, ముడుచుకోవడం లేదు. నాకు ఆ ఫిబ్రవరి గుర్తుకొస్తాండాది. నేను ఇంట్లో లేని పదహైదు దినాలు. ఐజాక్ ఊర్లో లేని ఇరవై దినాలు. వచ్చేసరికి జరిపించుకోవాల్సి వచ్చిన నా బండ.

గొర్రెలు పడతాయన్నాడు. మా తోట చుట్టూ నాలుగు వైపులా ఇనుప కంచె. గొర్రె కాదు గదా, గొర్రెపిల్ల దూరే సందు కూడా లేదు. నాలుగు వేల ఎండిన మొక్కలు కనపడకుండా దాచే గుంత మాత్రం ఆ బావి ఒక్కటే.

"కారు తిప్పు విష్ణూ" అన్నా. "ఇంటికి పోదాం. బావి మీద కంప తీయించాల."